గాలి రిట్రాక్టులా, మోటార్ రిట్రాక్టులా? ముస్టాంగ్ రెక్క మూసేముందు తేల్చుకోవాలి

తోకచక్రం:
ముస్టాంగ్ కడుతున్నాను, రేడియోతో ఎగరేసే మోడల్ విమానం. కాళ్లు రిట్రాక్టులు, అంటే ఎగిరాక చక్రాలతో సహా రెక్కలోకి ముడుచుకునేవి. వాటిని గాలి ఒత్తిడితో నడపాలా, కరెంటు మోటార్‌తోనా అన్నదే ప్రశ్న. రెక్క రెండు మీటర్లకు కొంచెం తక్కువ, బరువు 6 కిలోలు దాటేలా ఉంది. రెక్క కింది వైపు బాల్సా (తేలిక చెక్క) తొడుగు ఇంకా వేయలేదు. గొట్టాలు వేయాలన్నా వైర్లు లాగాలన్నా ఇప్పుడే. నా దగ్గర పాత గాలి సెట్టు ఉంది: రెండు కాళ్లు, ట్యాంకు, వాల్వు, దాన్ని తిప్పే సర్వో (చిన్న మోటారు). ఎత్తడానికీ దించడానికీ రెండింటికీ గాలే. చూసినవాళ్లంతా "ఈ రోజుల్లో గాలేంటండీ" అంటున్నారు. నాకు మాత్రం గాలి మీదే మనసు. మీరేమంటారు?

స్క్రూగేరు:
మోటార్‌వే పెట్టండి. ఇందులో చర్చేముంది? వైరు రిసీవర్‌కి గుచ్చితే పనైపోతుంది. ట్యాంకు లేదు, పంపు లేదు, ఓ-రింగులకు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులకు) సిలికాన్ నూనె పూసే తంటా లేదు. గాలి సెట్టు వాళ్లను చూస్తూనే ఉంటాను. పది నిమిషాలు ఎగరేయడానికి అరగంట సేపు రెక్కకు చెవి ఆనించి "స్స్" ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతుకుతుంటారు. చలి రోజైతే ఇక చెప్పక్కర్లేదు. ఓ-రింగులు గట్టిపడి, నిన్న లేని లీకు ఇవాళ పుడుతుంది.

ఓరింగ్‌బాబాయ్:
స్క్రూగేరు గారూ, మీరు వెక్కిరించిన ఆ "స్స్" వల్లే నేను గాలిని నమ్ముతాను. లీకు నేలమీదే దొరికిపోతుంది. రాత్రి గాలి కొట్టి ఉంచితే పొద్దున గేజ్ నిజం చెప్పేస్తుంది. మోటార్ అలా ముందుగా చెప్పదు. నా అనుభవం వినండి. ఒకసారి కాస్త గట్టిగా దిగాను, కుడి కాలి కమ్మీ కంటికి ఆననంత వంగింది. మళ్లీ లేపి కాళ్లు ముడిస్తే ఆ చక్రం గూటి అంచుకు పట్టేసింది. కరెంటు పెరగ్గానే కంట్రోలర్ మోటార్‌ని ఆపేసింది. మళ్లీ దించబోతే ఎడమ కాలు కిందికొచ్చింది, కుడి కాలు సగంలోనే. స్విచ్ ఎన్నిసార్లు కొట్టినా దాంట్లో ఉలుకూ పలుకూ లేదు. రెండూ పైనే ఉండిపోయుంటే గడ్డి మీద పొట్టతో దించేవాణ్ణి, ప్రొపెల్లర్‌తో పోయేది. ఒంటికాలితో దిగితే రెక్క కొన నేలకు తగిలి బండి గిర్రున తిరిగింది. గాలి సెట్టులో ట్యాంకు ఒక్కటే కదా, గాలి పోతే రెండు కాళ్లూ కలిసే మొరాయిస్తాయి.

అసలు విమానాల్లో కూడా గాలి పద్ధతి ఉంది. సోవియట్ శిక్షణ విమానం యాక్-52 కాళ్లు గాలితోనే నడుస్తాయి.

స్క్రూగేరు:
యాక్-52లో ఇంజిన్ తిప్పే కంప్రెసర్ ఉంటుంది బాబాయ్, సిలిండర్‌ని నింపుతూనే ఉంటుంది. అత్యవసరానికి ఇంకో సిలిండర్ వేరే. పైగా దాని చక్రాలు ముడిచినా సగం బయటే ఉంటాయి, దించడం మరిచిపోయినా పెద్ద నష్టం లేదు. మనకు నేలమీద కొట్టిన గాలే గతి.

ఇంకోటి, "కలిసే మొరాయిస్తాయి" అన్నది సగం నిజం. గాలి తగ్గుతూ వచ్చినప్పుడు రాపిడి తక్కువున్న కాలు ముందు కదిలి లాక్ అవుతుంది, బిగుసుకున్నది అక్కడే ఆగుతుంది. అప్పుడు మీదీ ఒంటికాలే.

లెక్కలపిచ్చి:
ఆ తగ్గడం ఎంతో చూద్దాం. ట్యాంకు 100 మిల్లీలీటర్లు, ఒక్కో కదలికకు సిలిండర్లూ గొట్టాలూ కలిసి 6 మిల్లీలీటర్లు తాగుతాయనుకుందాం. గేజ్ మీద 100 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) అంటే బయటి గాలి ఒత్తిడి కూడా కలిపి దాదాపు 115. ప్రతి కదలికకూ అది 106లో 100 వంతుకు పడిపోతుంది. మూడుసార్లు ఎత్తి దించితే ఆరు కదలికలు, 115 కాస్తా 81 అవుతుంది. గేజ్ మీద 66. లీకు ఒక్క చుక్క లేకుండానే ఇది. మీ కాళ్లు ఏ ఒత్తిడి దగ్గర మొరాయిస్తాయో నేలమీద, విమానాన్ని స్టాండు మీద పెట్టి, గాలి నింపకుండా వరసగా ఎత్తి దించి చూసుకోండి. అది 60 అని తేలితే ఆ ట్యాంకు చాలదు.

ఓరింగ్‌బాబాయ్:
లెక్క ఒప్పుకుంటున్నాను, స్క్రూగేరు గారి రాపిడి మాట కూడా. అందుకే నా ఓటు ఇప్పుడు స్ప్రింగు రకానికి. ఎత్తడానికే గాలి, దించడానికి స్ప్రింగు. గాలి మొత్తం పోయినా కాళ్లు కిందికే వస్తాయి. ముస్టాంగ్ కాళ్లు పక్కకు ముడుచుకుంటాయి కాబట్టి దిగేటప్పుడు వాటి బరువే సాయం చేస్తుంది. వెనక్కి ముడిచే ముక్కు కాలైతే ఎదురుగాలిని తోసుకుంటూ ముందుకు రావాలి, అక్కడ స్ప్రింగు ఓడిపోవచ్చు. తోకచక్రం గారూ, మీ సెట్టు అమ్మేసి ఈ రకం తీసుకోండి.

ప్లైముక్క:
గాలా మోటారా అని కొట్టుకుంటున్నారు గానీ, నేను బాగుచేసిన రెక్కల్లో గొట్టం లీకుతో చితికినవాటి కన్నా మౌంటు పలక (కాలిని రెక్కకు బిగించే చెక్క) ఊడొచ్చినవే ఎక్కువ. కాలు తిన్న దెబ్బంతా ఆ రెండు చెక్క పలకల మీదే పడుతుంది. వాటిని పక్కటెముకల బాల్సాకి అంటించి వదిలేస్తే మొదటి గట్టి ల్యాండింగ్‌కే పళ్లు ఊడినట్టు ఊడతాయి. పక్కటెముకలకు ప్లైవుడ్ జోడించండి, పలకను స్పార్ (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) దాకా తీసుకెళ్లి ఎపాక్సీతో కట్టండి. ఇరుసు ఎక్కడ పడుతుందో కూడా ఇప్పుడే చూసుకోవాలి. తోక కింద చక్రముండే ఇలాంటి బండికి కాళ్లు దించినప్పుడు ఇరుసు సీజీకి (బరువు కేంద్రానికి) ముందు, రెక్క ముందంచు దగ్గర్లో ఉండాలి. వెనక్కి జరిగితే ప్రతి ల్యాండింగ్‌కీ ముక్కు మీద మొగ్గే.

గడ్డిపోచ:
అసలు గడ్డి నేల మీద రిట్రాక్టులెందుకు? కాళ్లు బిగించి పారేయండి.

ప్లైముక్క:
ముస్టాంగ్ కాళ్లు చాపుకుని తిరుగుతుంటే చూడగలరా మీరు?

తోకచక్రం:
అందరికీ థ్యాంక్స్. పలకలు విప్పేశాను, ప్లైముక్క గారు చెప్పినట్టే మళ్లీ కడతాను. కొనే ముందు పాత సెట్టునోసారి పరీక్షిద్దామని బల్లమీదే అన్నీ కలిపి రాత్రి 100 కొట్టి పడుకున్నా. పొద్దున చూస్తే 70. సబ్బునీళ్లు పూస్తే టీ జాయింటు దగ్గర బుడగలు.

ఓరింగ్‌బాబాయ్:
గొట్టం దేనితో కోశారు?

తోకచక్రం:
కత్తెరతో.

ఓరింగ్‌బాబాయ్:
అదీ సంగతి. కత్తెర నలిపి ఏటవాలుగా కోస్తుంది. గొట్టాన్ని లాగి పీకకండి, జాయింటు మొన మీద గీత పడుతుంది. నిలువునా చీల్చి తీయండి. కొత్త బ్లేడుతో అడ్డంగా, నేరుగా కోసి మళ్లీ ఎక్కించండి. రేపు పొద్దున గేజ్ ఎంత చూపిందో ఇక్కడే చెప్పండి. స్క్రూగేరు గారు నవ్వడానికి కాచుకుని ఉన్నారు.