అప్‌డేట్: అమెరికా టర్న్‌టేబుల్‌లో బి.బి. కింగ్ గొంతు సాగడం (సమస్య తీరింది)

రికార్డు పాట ఎందుకు సాగి, కింది శ్రుతిలో వస్తోందని గత నెల అడిగింది నేనే. బావగారు అమెరికా నుంచి తెచ్చిచ్చిన పాత టర్న్‌టేబుల్‌లో (రికార్డు ప్లేయర్) అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారిస్టు బి.బి. కింగ్ 'లైవ్ ఎట్ ది రీగల్' రికార్డు వేస్తే నా గిటార్ కంటే దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి పలికేది. అమ్మాయిల కేకలు కూడా నిద్రలో మూలుగుల్లా వచ్చేవి. 1964 నవంబరులో షికాగో రీగల్ థియేటర్‌లో జరిగిన ఆ కచేరీకి జనం గోలే సగం ప్రాణం!

ఫోన్ యాప్‌తో స్పీడ్ చూడమన్నవారికి థాంక్స్, దారి దొరికింది అక్కడే. నిమిషానికి 33.3 చుట్లు రావాల్సింది 27.8 వచ్చింది. మెకానిక్ మోటారు మీది రేకు చూడగానే నవ్వాడు: 60 హెర్ట్జ్ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) అని ఉంది. మన కరెంటు 50. ఈ రకం మోటారు తిరిగేది కరెంటు హెర్ట్జ్‌ను బట్టేనట. నా స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110 చేస్తుంది గానీ హెర్ట్జ్ జోలికి పోదు. లేత్ షాపులో పాతదానికంటే 20 శాతం ఎక్కువ వ్యాసంతో ఇత్తడి పుల్లీ (మోటారు మీద బెల్టును తిప్పే చక్రం) చేయించి బిగించాడు. ఇప్పుడు 33.2 చూపిస్తోంది, గిటార్‌తో కలిసిపోతోంది.

కొత్త బెల్టు, కొత్త సూది, రికార్డు కడగడం... వీటికీ సమస్యకూ సంబంధం లేదు. బెల్టు డబ్బులు దండగ. స్ట్రోబ్ కాగితం (స్పీడ్ చూసే గీతల చక్రం, స్పీడ్ సరిగ్గా ఉంటే లైటు కింద గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి) ఇంకా మోసం చేసింది. 60 హెర్ట్జ్ కరెంటు కోసం గీసిన గీతలను మన 50 హెర్ట్జ్ ట్యూబ్‌లైట్ కింద చూస్తే తప్పు స్పీడ్‌లోనూ కదలకుండా నిలబడ్డాయి, నేనూ నమ్మేశాను.

క్వార్ట్జ్ లాక్ (క్వార్ట్జ్ స్ఫటికంతో స్పీడ్ నిలిపే ఏర్పాటు), డీసీ మోటారు ఉన్న టర్న్‌టేబుళ్లకు ఈ తలనొప్పి ఉండదట.