బీన్స్ కూర: ఉడికించి వార్చాలా, నేరుగా మగ్గించాలా?

కొత్తవంటగది
అందరికీ నమస్తే. పెళ్లయి 8 నెలలు, బెంగళూరులో ఉంటున్నాం. ఇక్కడ ఏ కూరల బండి చూసినా బీన్స్ ఉంటాయి, అందుకని వారానికి రెండుసార్లు అదే కూర. అమ్మేమో ఫోన్లో ఉడికించి, నీళ్లు వార్చి, పోపులో వెయ్యమంటుంది. మా ఆయన వాళ్ల ఇంట్లో నేరుగా బాండీలో మగ్గిస్తారట. రెండూ చేసి చూశాను. ఉడికిస్తే చప్పగా ఉండి కంచంలో నీళ్లోడుతోంది. మగ్గిస్తే పైన మాడుతోంది, లోపల గట్టిగానే ఉంటోంది. నాకు పెద్ద వంటలేం వద్దు, పప్పుచారు పక్కన కాస్త రుచిగా ఒక కూర ఉంటే చాలు. ఏది కరెక్ట్?

గోదారిగట్టు
ఉడికించి వార్చాలి. ఇందులో రెండో మాట లేదమ్మా. పావుకిలో బీన్స్ తీసుకుని రెండు చివర్లూ గిల్లి, పక్కన నార వస్తే లాగేసి, సన్నగా తరుగు. సన్నగా అంటే శనగగింజంత, వేలెడేసి ముక్కలు కాదు. అర లీటరు నీళ్లు తెర్లుతున్నప్పుడు ఉప్పు వేసి అప్పుడు ముక్కలు వెయ్యి, మూత పెట్టకు. 6, 7 నిమిషాలకి ఒక ముక్క తీసి గోటితో నొక్కు. గోరు దిగాలి, ముక్క చిదిమిపోకూడదు. చిల్లుల గిన్నెలోకి వార్చి ఓ 10 నిమిషాలు దాని మానాన దాన్ని వదిలెయ్యి. కంచంలో నీళ్లోడుతోంది అన్నావు చూడు, వార్చీ వార్చగానే పోపులో గుమ్మరించి ఉంటావు. పోపులో మినపప్పు, శనగపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. ముక్కలు వేసి తడి ఆరాక, అర చిప్ప పచ్చికొబ్బరి, రెండు పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క కచ్చాపచ్చాగా దంచి కలిపి రెండు నిమిషాల్లో దించెయ్యాలి. ఇంకాసేపు ఉంచావా, కొబ్బరి రంపప్పొట్టులా తయారవుతుంది.

పెరటితోట
ముందు బీన్స్ లేతవేనా? పైనుంచి చూస్తే గింజ ఉబ్బెత్తుగా కనిపిస్తోందా?

నల్గొండోడు
రుచి మొత్తం నీళ్లలోకి దించి, ఆ నీళ్లు మోరీలో పోసి, మిగిలిన పిప్పికి కొబ్బరి పూస్తే అది కూర ఎట్లా అవుతుంది అక్కా? చెల్లె, మీ ఆయన చెప్పినట్టే చెయ్యి, కాకపోతే మాడకుండా ఎట్లనో నేను చెప్తా. కడాయిలో రెండు గరిటెల నూనె, జిలకర, ఆవాలు, ఒక ఉల్లిగడ్డ. బీన్స్, ఉప్పు, పసుపు వేసి ఒకసారి తిప్పి మంట సన్నగా పెట్టు. పైన లోతు పళ్లెం మూత పెట్టి ఆ పళ్లెంలో గ్లాసెడు నీళ్లు పొయ్యి. లోపలి ఆవిరి చల్లని పళ్లెం అడుగుకు తగిలి బొట్లు బొట్లుగా మళ్లీ కూర మీదనే పడుతుంది. కూర దాని చెమటలో అదే ఉడుకుతుంది. 12 నుంచి 15 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కలపాలి. అడుగంటినట్టు అనిపిస్తే పళ్లెంలో వేడెక్కిన నీళ్లే రెండు చెంచాలు చల్లు. ఆఖరికి మూత తీసి, వేయించిన పల్లీలు, ఎండుమిర్చి, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు కలిపి దంచిన పొడి వేసి రెండు నిమిషాలు. ఒక్కటే గిన్నె, ఒక్కటే పొయ్యి.

లెక్కలమాస్టారు
మూత పెట్టొద్దు అన్న మాట మటుకు సరైనదే, కారణం చెబుతాను. బీన్స్‌లో సహజంగా కొన్ని ఆమ్లాలుంటాయి. మూత తీసి ఉంచితే అందులో కొంత ఆవిరితో పాటు బయటికి పోతుంది. మూత పెడితే మళ్లీ ముక్కల మీదే పడుతుంది. అప్పుడు పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోయి, పచ్చటి ముక్క కాస్తా ఖాకీ రంగుకి తిరుగుతుంది. కొందరు చిటికెడు వంటసోడా వేస్తారు. రంగు నిలుస్తుంది కానీ ముక్క జావైపోతుంది, బి1 విటమిన్ నశిస్తుంది. నల్గొండోడు గారి పద్ధతిలో రంగు పోవడం ఖాయం.

నల్గొండోడు
మాస్టారూ, మేం కూరను తింటాం, గోడకు వెయ్యం. మరి నీళ్లలో కరిగే సి విటమిన్ సంగతి ఏంది? వారిస్తే అది పోదా?

గోదారిగట్టు
సి విటమిన్ కోసం బీన్స్ తింటున్నావా బాబూ? కంచంలో నిమ్మచెక్క పిండుకో, సరిపోతుంది. నువ్వు చెప్పినట్టు మగ్గిస్తే ఆ పచ్చివాసన పోదు. ఎల్లిపాయ, పల్లీ పొడి వేసి దాన్ని కప్పెట్టేస్తున్నావు, అంతే.

డాలస్‌చింటు
ఇక్కడ మాకు తరిగి గడ్డకట్టించిన బీన్స్ ప్యాకెట్లలో వస్తాయి, వాటిని ముందే ఒక ఉడుకు ఉడికించే అమ్ముతారు. నేరుగా పోపులో పడేస్తా, గొడవే లేదు. థాంక్స్‌గివింగ్ పండక్కి వీళ్లు చేసే గ్రీన్ బీన్ క్యాసరోల్ చూస్తే మీ ఇద్దరూ ఒక్కటైపోతారు. క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటగదిలో డార్కస్ రైలీ అనే ఆవిడ 1955లో కనిపెట్టింది, డబ్బా పుట్టగొడుగుల సూప్‌లో బీన్స్ కలిపి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి ఓవెన్లో పెడతారు. ఉప్పు తప్ప కారం అన్న ఊసే ఉండదు.

మామ్మకబుర్లు
మా పుట్టింట్లో బీన్స్, క్యాబేజీ, క్యారెట్ ఇవన్నీ ఇంగ్లీషు కూరలు. తద్దినానికి వంటింట్లోకి రానిచ్చేవాళ్లు కాదు. చిక్కుడు, అరటి, కంద ఉండగా ఇవెందుకురా అనేది మా బామ్మ. అలాంటి కూరకి మీ పద్ధతా మా పద్ధతా అని కొట్టుకోవడం చూస్తే నవ్వొస్తోంది.

లెక్కలమాస్టారు
మామ్మగారూ, పేరుకి ఫ్రెంచ్ బీన్స్ గానీ ఫ్రెంచి వాళ్లవీ కావు, ఇంగ్లీషు వాళ్లవీ కావు. పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన చిక్కుడు వేరే జాతి.

గోదారిగట్టు
సంప్రదాయం అన్న మాట నేను ఎక్కడన్నానండీ? నా మొదటి పోస్టు ఇంకోసారి చదవండి. వార్చాలన్నాను, అంతే.

తీరికలేదు
వార్చిన నీళ్లు పారబొయ్యకుండా చారులో పోసుకోవచ్చుగా? ఇద్దరి మాటా నెగ్గుతుంది.

నల్గొండోడు
అదే కదా నేను అనేది. పారబోసుడు ఎందుకు?

గోదారిగట్టు
పొయ్యను.

తీరికలేదు
ఎందుకండీ? ఉప్పుంటుంది, కాస్త పసరు రుచి ఉంటుంది, మిరియాల చారుకి బావుంటుంది. నేను చేస్తా.

గోదారిగట్టు
మీరు చేసుకోండి. నేను పొయ్యను. అడిగింది కూర గురించి, చారు గురించి కాదు.

నల్గొండోడు
జవాబు లేదు, చూశారా? బలుపు, అంతకన్నా ఏం లేదు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిపెట్టాడు, కాలువల నిండా నీళ్లు, ఇక బీన్స్ ఉడకబెట్టినా పారబోసుడే, బియ్యం కడిగినా పారబోసుడే. నీళ్లు మొయ్యని చేతులకు ఏం తెలుస్తుంది.

గోదారిగట్టు
నా చేతులు ఏం మోశాయో నీకు తెలుసా? ముఖం తెలియని ఆడమనిషిని బలుపు అంటావా? మీ ఇంట్లో నేర్పింది ఇదేనా?

డాలస్‌చింటు
అయ్యో, బీన్స్ దగ్గర మొదలై ఆనకట్ట దాకా వెళ్లాం.

కొత్తవంటగది
ప్లీజ్ అండీ, నావల్ల గొడవ వద్దు. నేను ఈ రోజుకి దొండకాయ చేసేస్తా.

గోదారిగట్టు
నువ్వు ఉండమ్మా, నీ తప్పేం లేదు. అడిగాడుగా, చెప్తాను. మా అత్తగారింట్లో పది మందిమి. కొబ్బరి వేసిన బీన్స్ కూర అంటే మా మామగారికి, మరుదులకి ప్రాణం. ముందు మగవాళ్ల పంక్తి, తర్వాత పిల్లలు. మేము కూర్చునేసరికి మూకుట్లో కరివేపాకు రెబ్బలు, ఎండుమిర్చి తొడిమలు ఉండేవి. వార్చిన నీళ్లలో ఇంత చింతపండు పిసికి మా అత్తగారు చారు కాచేది, 'సారమంతా ఇందులోనే ఉందే' అంటూ ఆడవాళ్లకి అదే పోసేది. ఆవిడా అదే తినేది, అది వేరే సంగతి. 11 ఏళ్లు ఆ చారు తిన్నాను. వేరు కాపురం పెట్టిన రోజు మొదట వండింది బీన్స్ కూరే. వార్చిన నీళ్లు గిన్నెడు సింకులో పోసి, చివరి చుక్క దిగిందాకా అక్కడే నిలబడి చూశాను. ఇప్పటికీ వార్చిన ప్రతిసారీ పారబోస్తాను. బలుపు అనుకుంటే అనుకో. బీన్స్ రంగు, విటమిన్లు, మీ మాస్టారి మెగ్నీషియం నాకు అక్కర్లేదు.

మామ్మకబుర్లు
ఆ చారు మా ఇంట్లోనూ కాచేవాళ్లు తల్లీ.

తీరికలేదు
తెలియక అడిగాను, ఏమీ అనుకోకండి.

నల్గొండోడు
అక్కా, ఆ మాట వాపసు తీసుకుంటున్నా. మీ అత్తగారింటి ముచ్చట నాకేం తెలుసు. కానీ నాది కూడా వినండి. మాది మునుగోడు దిక్కు. ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగితే పండ్లు గారపట్టేవి, మా నాయనమ్మ నడుము వంగింది వయసు మీదపడి కాదు. తాగడానికి, వంటకు మంచినీళ్లు వేరే తేవాలి. మా అమ్మ పొద్దున నాలుగింటికి లేచి రెండు బిందెలు తెచ్చి, ఆ తర్వాత కూలికి పోయేది. వంట నీళ్లకు వేరే బిందె, దాని మీద చెంబు బోర్లించి ఉండేది, అందులో మేం చెయ్యి పెడితే వీపు పగిలేది. పళ్లెం మూత మీద గ్లాసెడు నీళ్లు అన్న కదా, కూర దించినాక ఆ గ్లాసెడు కూడా పప్పులో పోసేది. ఇప్పుడు మా ఇంటికి నల్లా వచ్చింది, కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా మొన్న హైదరాబాద్‌లో మా ఇంట్లో, నా భార్య మాకరోని ఉడికించి నీళ్లు వంచుతుంటే మా అమ్మ లేచి అవతలి గదిలోకి పోయింది. నేను కూర గురించి కొట్లాడుతున్నా అనుకున్నా. కాదేమో.

లెక్కలమాస్టారు
ఒక్క సవరణ. ఫ్లోరైడ్ నీళ్లు వేరు, కూరలు ఉడకనివ్వని నీళ్లు వేరు. ముక్క గట్టిగా ఉండిపోయేలా చేసేది నీళ్లలోని కాల్షియం, అది ముక్కలోని పెక్టిన్ అనే జిగురుని బిగించేస్తుంది. చింతపండు ముందుగా వేసినా ముక్క మెత్తబడదు, పులుపు ఉడికాకే వెయ్యాలి. ఇంకో సంగతి, ఫ్లోరైడ్ నీళ్లని మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన దేశంలో ఆ జబ్బుని మొదట గుర్తించింది కూడా నల్గొండలో కాదు, 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో.

నల్గొండోడు
మాస్టారూ, నీళ్లలో కాల్షియం ఉందని నేను ఎక్కడ అన్నాను?

లెక్కలమాస్టారు
అనలేదు. ఎవరైనా అనుకుంటారని ముందే చెప్పాను. కొత్తవంటగది గారూ, మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? బోరు నీళ్లయితే, ఒకసారి వడపోసిన తాగే నీళ్లతో ఉడికించి చూడండి.

గోదారిగట్టు
మీ అమ్మగారు అవతలి గదిలోకి వెళ్లారన్నది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను బాబూ. నిన్ను వార్చమని ఇక అనను. కానీ నీ కూర పచ్చివాసనే వస్తుంది, అందులో మార్పు లేదు.

నల్గొండోడు
మీ కూర పిప్పే అక్కా.

కొత్తవంటగది
అందరికీ థాంక్స్. దొండకాయ అన్నాను గానీ మనసొప్పక ఈ సాయంత్రం రెండు రకాలూ చెరి పావుకిలో చేశాను, తాగే నీళ్లతోనే. రెండూ గట్టిగానే ఉన్నాయి. అప్పుడు మిగిలిన కాయల్ని పట్టుకుని చూస్తే, విరిస్తే టప్పున విరగడం లేదు, వంగుతున్నాయి, పొడుగునా నార వస్తోంది, లోపల గింజ నా చిటికెన వేలి గోరంత ఉంది. బండాయన రేపటికి ఉండవని తక్కువకే ఇచ్చేశాడు, నేను మురిసిపోయాను. కొబ్బరి కూర మా ఆయన తిన్నాడు, పల్లీ కూర నేను తిన్నాను. వార్చిన నీళ్లు ఇంకా గట్టు మీద గిన్నెలోనే ఉన్నాయి, ఏం చెయ్యాలో తోచక.

పెరటితోట
మూడో పోస్టులోనే అడిగాను కదండీ.