ఈ త్సుబా చేత్తో చెక్కిందా, పోత పోసిందా?

నమస్కారమండీ. క్యోటోలో తోజి గుడి దగ్గర ప్రతి నెలా 21న జరిగే సంతలో ఒక ఇనుప త్సుబా కొన్నాను. జపాన్ కత్తిలో పిడికీ అలుగుకీ మధ్య ఉండే బిళ్ల అది. వెడల్పు 7.8 సెంటీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లు. ఇనుమును తొలిచి, మెలికలు తిరిగిన డ్రాగన్‌ను చెక్కారు. చూడగానే వదల్లేకపోయాను.

దాని మీద ‘ఎచిజెన్ జూ కినాయి సాకు’ అని ఉంది. అంటే ఎచిజెన్ వాసి కినాయి చేసినదని. ఈ పేరునే తరతరాలుగా చాలామంది వాడారు కాబట్టి సంతకం ఒక్కటే చాలదు.

నా టెన్షన్ అంతా పోత గురించే. భూతద్దంతో చూస్తే తొలిచిన సందుల లోపల ఒకచోట సన్నటి గుంటలు కనిపిస్తున్నాయి. పోత అచ్చు వదిలే అతుకు గీత మాత్రం ఎక్కడా లేదు. మధ్య రంధ్రంలో పైనా కిందా రాగి ముక్కలు బిగించి ఉన్నాయి. అలుగు కదలకుండా పెట్టేవే కదా అవి? అందుకే ఇది ఒకప్పుడు నిజంగా కత్తికి ఎక్కిందేమోనని ఆశ.

ఆ గుంటలు తుప్పు తిన్నవా, పోతవా? ఎలా తేల్చుకోవాలి?

ఇంకొకటి, అంచున ఎర్ర తుప్పు ఉంది. గరుకు కాగితంతో రుద్దమని ఒకరన్నారు, నాకు చేతులు రాలేదు. ఇనుము మీద ఉన్న పాత నల్లటి పొర పోతే మళ్లీ రాదు. జింక కొమ్ము ముక్కతో నెమ్మదిగా గీకడం ఎవరైనా చేశారా? దయచేసి చెప్పండి.