ఈ వారం సమస్య: మూడు మార్లు చచ్చి ముదము నందె

నీలగిరి (నిర్వహణ):
నిన్న నల్లగొండ గడియారం సెంటర్‌లో బస్సు కోసం నిలబడితే, పక్కన ఇద్దరు పోరగాళ్లు ఒకే ఫోన్ మీద వంగి గేమ్ ఆడుతున్నారు. ఒకడు తలెత్తి "మూడుసార్లు చచ్చినరా, మస్తు మజా వచ్చింది" అన్నాడు. ఇంటికి చేరేలోపు ఆ మాటే పాదమై కూర్చుంది.

మూడు మార్లు చచ్చి ముదము నందె

ఇదే చివరి పాదంగా పద్యం కట్టి పూరించాలి. జయవిజయులతో పూరించవద్దు. మూడు జన్మలు, వైకుంఠం అందరికీ వెంటనే తడతాయి, సమస్య చప్పబడిపోతుంది. వీడియో గేముల మీదనే రావాలి. పద్యం కింద మీకు ఎప్పటికీ ఇష్టమైన మూడు ఆటలు వరసగా చెప్పండి, ఎందుకో కూడా ఒక మాట రాయండి.

మూసీగట్టు:

చిట్టి మీసగాడు జెండాకు పరుగెత్తి
గుంత గుంత లోన గూలి లేచి
కోమలాంగి వేరు కోటలో గలదన్న
మూడు మార్లు చచ్చి ముదము నందె

నా వరసలో మొదటిది సూపర్ మారియో బ్రదర్స్. 1985 ఆట, ఇప్పటికీ దాన్ని మించింది నాకు కనబడలేదు. మొదటి స్టేజీలో ఎవరూ ఏమీ నేర్పరు. కుక్కగొడుగు ఎదురొస్తుంది, తగిలితే చస్తాం, దూకాలని మనకే తెలుస్తుంది. రెండోది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. ఎన్నిసార్లు చచ్చినా పర్వాలేదు, కానీ గడియారంలో 60 నిమిషాలే ఉంటాయి. ఆ టెన్షన్ ఇంకే ఆటలోనూ రాలేదు. మూడోది టెట్రిస్.

పాలమూరు బిడ్డ:
మూడో పాదం బాగుంది అన్నా, మనస్ఫూర్తిగా అంటున్నా. ఇంకో కోట ఉందంటే ఆట ఇంకా ఉందన్నట్టే, ముదానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. కానీ మొదటి పాదంలో పట్టుబడ్డారు. "రాజకుమారి ఇంకో కోటలో ఉంది" అని చెప్పేది మొదటి ఏడు లోకాల్లో నాలుగో స్టేజీ చివర. అక్కడ జెండా ఉండదు, వంతెన చివర గొడ్డలి ఉంటది. జెండా మిగతా మూడు స్టేజీలకే. ఇట్లా అనవచ్చు: "చిట్టి మీసగాడు చేరె గొడ్డలి దరి".

ఇంకోటి, మారియో పేరెందుకు దాచిపెట్టారు? "మారియోకు" అంటే రెండు హ-గణాలు (గురువు, లఘువు) చక్కగా పడేవి.

మూసీగట్టు:
గొడ్డలి ఒప్పుకుంటున్నా, సవరించుకుంటా. పేరు మాత్రం కావాలనే వదిలేశా. మారియో మొదట కనబడిన 1981 ఆట డాంకీ కాంగ్‌లో ఆ బొమ్మకు దక్కిన చుక్కలు చాలా తక్కువ. మూతి గీయడానికి జాగా లేక, ముక్కు తెలియాలని ఆ ఆట చేసిన మియమోటో మీసం పెట్టాడు. ఆ మీసమే అతని గుర్తు. పద్యంలో మీసం ఉంటే చాలు.

పాలమూరు బిడ్డ:

కాంట్ర యాట లోన కంగారు పోరడు
మీద మీద కింద మీట నొక్కి
ముప్పదేల నాకు మూడె చాలునటంచు
మూడు మార్లు చచ్చి ముదము నందె

కాంట్రా నాకు మొదటి స్థానం, దాని దగ్గరికి ఏదీ రాదు. మహబూబ్‌నగర్‌లో మా వీధి చివర షాపులో గంట లెక్కన ఆడించేవారు. క్యాసెట్ పట్టకపోతే తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. రెండోది ఐ.జి.ఐ. 2000లో వచ్చింది. మిషన్ మధ్యలో సేవ్ ఉండదు, చివరి తలుపు దగ్గర చచ్చినా మొదటి నుంచే. మూడోది ఫోన్‌లో పాము.

మూసీగట్టు:
రెండు మాటలు. కాంట్రాకు దీర్ఘం ఉంది. గణం కోసం "కాంట్ర" అని కోశావు. నాకిష్టమైన ఆట పేరును ఎవరైనా ఇట్లా కోస్తే నేను ఊరుకోను, నువ్వూ ఊరుకోకూడదు. రెండోది, కాంట్రాలో 30 లైఫులు ఇచ్చే మీటల వరస మీద మీద కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఏ. నువ్వు కింద ఒక్కసారే నొక్కావు. 30 లైఫులు ఎట్లా వస్తాయి?

పాలమూరు బిడ్డ:
రావన్నా, పద్యం చెప్పేదే అది. కంగారులో ఒక "కింద" పోయింది, 30 రాలేదు, మూడే మిగిలినయ్. రెండో పాదంలో మీట తగ్గింది కాబట్టే నాలుగో పాదం నిలబడింది. రెండు కిందలు పెట్టి ఉంటే పోరడు ముప్పైసార్లు చావాలి, అప్పుడు సమస్యే ఉండదు.

నీలగిరి:
ఇది నాకు బాగా పట్టింది. ఆ మీటల వరస కాంట్రాలో పుట్టింది కాదు. 1986లో గ్రాడియస్ అనే ఆటను ఇంటి మెషిన్‌కు మార్చేటప్పుడు కజుహిసా హషిమోటో అనే ఆయన, ఆట పరీక్షించడానికి మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్నాడు. తీసేయడం మరిచిపోయాడు. ఆయన మరిచిపోయినదే మనందరికీ మిగిలింది. "కాంట్ర" సంగతిలో మాత్రం మూసీగట్టు పక్షమే. "కాంట్రా" పూర్తిగా రావాలంటే పాదం చివరి ఇంద్రగణంలోకి తేవాలి, పాదం తిరగరాయాలి.

మూసీగట్టు:
మెచ్చుకున్నా, ఆ మీట బాగుంది. కానీ పోయినసారి పాము సమస్యలో ("తోక గొరికి పాము తొలగి పోయె") ఇతని పాదం గుర్తుందా? "నోకియాను బట్టి వేలితో నొక్కంగ". నోకూ వేకూ యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో కుదరాల్సిన అక్షరం) ఎక్కడిది? మాటలు రెండూ తారుమారు చేసి "నొక్కంగ వేలితో" అని నేనే చెప్పాను. ఇప్పుడు అన్నిచోట్లా సవరించిన పాదమే పెడుతున్నాడు.

పాలమూరు బిడ్డ:
అవును, సవరణ మీదే. ఇప్పుడు ఇక్కడ అందరి ముందర చెబుతున్నా. పాము మాత్రం నాదే. 1997లో నోకియా 6110లో వచ్చిన ఆ పాము కోసం మా మామ ఫోన్ బ్యాటరీ ఎన్నిసార్లు అయిపోయిందో లెక్క లేదు.

సాగర్ కాలువ:

పసుపు ముద్ద నోరు పండ్లెల్ల మింగుచు
దెయ్య మొకటి తరుమ దిరిగి తిరిగి
చిట్టచివరి చుక్క చిక్కెడి లోపలె
మూడు మార్లు చచ్చి ముదము నందె

నా వరస: డార్క్ సోల్స్, పాక్‌మాన్, వైస్ సిటీ.

నీలగిరి:
తమ్మీ, నడక మంచిగుంది. కానీ పాక్‌మాన్‌లో దెయ్యాలు నాలుగు. పైగా చావు వచ్చింది, ముదం ఎందుకో రాలేదు. సమస్యలో బరువంతా ఆ రెండో మాట మీదే. చచ్చి చచ్చి గెలవాల్సిన డార్క్ సోల్స్ మీద రాసి ఉంటే కారణం దానంతటదే దొరికేది.

గద్వాల అంచు:

అన్న యాడుచుండ నాశతో కూర్చుండి
చేతి మీట కొరకు చెంత వేచి
తమ్ము డుండె నచట దైవమా యన నన్న
మూడు మార్లు చచ్చి ముదము నందె

అన్న చస్తే తమ్ముడి వంతు వస్తుంది, అందుకే తమ్ముడికి సంతోషం. మారియో, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండోది, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. ఈ వరస ఎవరూ మార్పించలేరు.

సాగర్ కాలువ:
అక్కా, "చుండ నాశతో" చదివితే "నాశ" అని వినబడుతుంది.

నీలగిరి:
యతి మాత్రం చెల్లింది. చుండన్ + ఆశ, అచ్చుకు అచ్చు. ఛందస్సు రాసిన కాకునూరి అప్పకవి నాటికే స్థిరపడిన మాట.

మూసీగట్టు:
నాశ సంగతి వదిలేయండి, అసలు దోషం కర్త దగ్గర ఉంది. "చచ్చి" అన్నవాడే "ముదము నందె"కూ కర్త కావాలి. మీరు అనుకున్నది అన్న చచ్చాడు, తమ్ముడు మురిశాడు అని. అట్లయితే "చావ" అని ఉండాలి. సమస్య పాదం మార్చడానికి లేదు. ఇప్పుడున్న పద్యం ప్రకారం చచ్చినవాడూ అన్నే, మురిసినవాడూ అన్నే. ఊహ ఎంతో బాగుంది కాబట్టే ఇంత చెబుతున్నా.

పాలమూరు బిడ్డ:
అక్కా, ఒక్క మాట అడుగుతా. ఈ తమ్ముడు ఎవరు?

గద్వాల అంచు:
నేనే. యతి కోసం తమ్ముణ్ణి చేశా. మా ఇంట్లో ఒకటే రిమోట్ పనిచేసేది. మూడు లైఫులు అయిపోతే చేతులు మారాలని అమ్మ పెట్టిన రూలు. అన్న ఆట నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. మారియోలో ఆఖరి స్టేజీ 8-4 దాటినవాడు. వేళ్లు మీటల మీద ఉన్నట్టే ఉండవు, అంత తేలిగ్గా ఆడేవాడు. కానీ బడి నుంచి వచ్చిన సాయంత్రాలు మొదటి స్టేజీలో మొదటి కుక్కగొడుగుకే తగిలేవాడు. మళ్లీ అదే, మళ్లీ అదే. రిమోట్ నా ఒళ్లో పడేసి వెనక్కి ఒరిగి కూర్చునేవాడు. అన్నకు మొదలుపెట్టడం రాదని అమ్మకు కూడా చెప్పేదాన్ని.

పాలమూరు బిడ్డ:
8-4 దాటినవాడు మొదటి దానికి మూడుసార్లు తగులుతాడా అక్కా?

మూసీగట్టు:
నా విమర్శ వెనక్కి తీసుకుంటున్నా. కర్త సరిగ్గానే పడ్డాడు.

గద్వాల అంచు:
ఇప్పుడే అన్నకు ఫోన్ చేశా. "గిన్నేండ్లకు తెలిసిందా" అన్నాడు. మళ్లీ రాశా.

ఎన్ని కోటలైన నెదిరించు మాయన్న
మొదటి కుక్కగొడుగు ముందు నిలిచి
చెల్లె చూచుచుండ జేజేతులను తాను
మూడు మార్లు చచ్చి ముదము నందె

నీలగిరి:
గణం, యతి, కర్త అన్నీ చూశాను. "చెల్లె" అని మన మాటే వేసి, దానికే యతి కుదిర్చారు. ఈ వారం ఇదే.

పాలమూరు బిడ్డ:
నా వరస మార్చుకుంటున్నా. మారియో ఒకటి, కాంట్రా రెండు. మూసీగట్టు అన్నా, ఇది కూడా మీ సవరణ కిందనే రాసుకోండి.