పాత డైతో తర్వాత కొట్టిన టోపీ బ్యాడ్జికి పాత బ్యాడ్జి ధర ఇవ్వొచ్చా?

రఘు_కోవెంట్రీ
అందరికీ నమస్కారం. తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. నేను బ్రిటిష్ సైన్యం టోపీ బ్యాడ్జీలు సేకరిస్తాను, ముఖ్యంగా 1922 జూలై 31న రద్దయిన ఐదు ఐరిష్ పదాతి రెజిమెంట్లవి. మొన్న ఒక మిలిటేరియా ఫెయిర్‌లో (పాత సైనిక వస్తువులు అమ్మే సంత) రాయల్ మన్‌స్టర్ ఫ్యుసిలియర్స్ బ్యాడ్జి కనిపించింది. మండుతున్న ఇత్తడి గ్రెనేడ్, దాని గుండు మీద వైట్ మెటల్‌తో పులి, పేరున్న పట్టీ. అమ్మే ఆయన ఏమీ దాచలేదు. "ఇది రీస్ట్రైక్, రెజిమెంట్ పోయాక కొట్టింది. కానీ డై, అంటే బొమ్మ చెక్కిన అచ్చు, మాత్రం అప్పటిదే" అన్నాడు. అడిగిన ధర మాత్రం అప్పటి బ్యాడ్జికి ఇచ్చేంత.

నాకు అది అన్యాయం అనిపించలేదు. బ్యాడ్జికి రూపం ఇచ్చేదే డై. పులి చారలు, మంటల గీతలు అన్నీ ఆనాటి చెక్కుడుపనే. ఎవరో బొమ్మ చూసి కొత్తగా చేయించిన నకిలీతో దీన్ని ఒకే గాటన ఎలా కడతాం? మీరేమంటారు?

టంకశాల
రఘు గారూ, నేను ఒప్పుకోను. ఆకారం కోసమైతే మంచి ఫొటో చాలు. మనం డబ్బు పెట్టేది ఒక సైనికుడి టోపీ మీద ఉండి ఉండొచ్చు అనే అవకాశానికి. 1915 ఏప్రిల్ 25న టర్కీలోని గల్లిపోలిలో రివర్ క్లైడ్ ఓడ నుంచి వి బీచ్ మీదకి దిగుతూ మన్‌స్టర్ వాళ్లు పిట్టల్లా రాలిపోయారు. ఈ బ్యాడ్జికి అంత ధర పలకడంలో ఆ చరిత్ర పాలు చాలా ఉంది. రెజిమెంటే లేని కాలంలో కొట్టిన ముక్కకి ఆ చరిత్రలో వాటా ఎక్కడిది?

పైగా డై ఒక్కటే బ్యాడ్జిని తయారు చెయ్యదు. రేకుని డైకీ, దానికి ఎదురుగా ఉండే పంచ్‌కీ మధ్య పెట్టి కొడతారు. ఆ తర్వాత అంచులు, మధ్య ఖాళీలు కత్తిరించడానికి వేరే పనిముట్లు ఉంటాయి. కంపెనీలు మూతబడి డైలు చేతులు మారినప్పుడు ఆ పనిముట్లు తరచూ వెంట రావు. అందుకే చాలా రీస్ట్రైకుల్లో ఖాళీ ఉండాల్సిన చోట రేకు అలాగే మిగిలిపోతుంది, లేదంటే చేతి రంపంతో కోసిన గరుకు కనిపిస్తుంది. వెనక టోపీలోకి దూర్చే స్లైడర్ కూడా కొత్తదే అతికిస్తారు. అంటే మూడు పనుల్లో పాతది ఒక్కటే.

సుధీర్_హైద్
ఒక చిన్న డౌట్ అండీ, నేను ఈ మధ్యే మొదలుపెట్టాను. బ్యాడ్జి మీద కిరీటం చూస్తే కాలం తెలిసిపోతుంది కదా? విక్టోరియా కిరీటం ఉంటే 1901కి ముందుది, తర్వాత రాజు కిరీటం, 1953 నుంచి రాణి కిరీటం అని చదివాను.

పద్మజ_రీడింగ్
సుధీర్, చాలా రెజిమెంట్లకి ఆ లెక్క పనికొస్తుంది. మన్‌స్టర్ బ్యాడ్జి మీద అసలు కిరీటమే లేదు కాబట్టి ఇక్కడ సాయపడదు. ఉన్నవాటిలో కూడా జాగ్రత్త. కిరీటం చెప్పేది డిజైన్ కాలం, కొట్టిన కాలం కాదు. చార్లెస్ రాజయ్యాక 2022లో మళ్లీ ట్యూడర్ కిరీటాన్నే, అంటే ఆ పాత రాజు కిరీటాన్నే ఎంచుకున్నారు. ఇప్పుడు సైన్యం కోసం సక్రమంగా తయారయ్యే కొత్త బ్యాడ్జీల మీద కూడా రాజు కిరీటమే వస్తోంది.

ఇక అసలు ప్రశ్నకి వస్తే, టంకశాల గారు మరీ కఠినంగా మాట్లాడుతున్నారు. రీస్ట్రైక్‌కి కూడా ఒక చోటు ఉంది. ముత్తాత పతకాలు మిగిలాయి, బ్యాడ్జి పోయింది, ఫ్రేములో పక్కన పెట్టుకోవాలి అనుకునే కుటుంబాలు ఇక్కడ బోలెడు. వాళ్లకి పాత డైతో కొట్టింది దొరకడం అదృష్టం. నా భయం వేరే. రఘు గారికి అమ్మేవాడు నిజం చెప్పాడు. రఘు గారు ఇంకొకరికి అమ్మినప్పుడు కూడా చెబుతారు. మూడో చేతికి వెళ్లేసరికి ఆ మాట ఉండదు, బ్యాడ్జి మాత్రమే ఉంటుంది. వెనక ఒక చెరగని గుర్తు కొట్టి అమ్మితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

టంకశాల
గుర్తు విషయంలో మీతో వంద శాతం ఏకీభవిస్తాను పద్మజ గారూ. గుర్తు ఉంటే ఎంత హాయిగా ఉంటుందో చూడాలంటే లివర్‌పూల్ పాల్స్ బెటాలియన్లని (స్నేహితులు, తోటి ఉద్యోగులు కలిసి చేరిన పటాలాలు) చూడండి. 1914లో మొదట చేరినవాళ్లకి ఆ పటాలాలు పెట్టించిన లార్డ్ డెర్బీ వెండి బ్యాడ్జీలు ఇచ్చారు, గద్దా పసిపాపా ఉన్న తన కుటుంబ చిహ్నంతో. ఎల్కింగ్టన్ కంపెనీ చేసింది. వెండి కాబట్టి నాణ్యత పరీక్షించిన బర్మింగ్‌హామ్ కార్యాలయం లంగరు ముద్ర, ఏడాదిని తెలిపే అక్షరం ఉంటాయి. ముద్రలు కూడా దొంగవి కావొచ్చు, కానీ పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. ఇత్తడికి ఆ భాగ్యం లేదు.

స్లైడర్ మీద గాంట్ లాంటి పెద్ద తయారీదారు పేరు కనిపించగానే పొంగిపోయేవాళ్లున్నారు. ఆ పేరున్న స్లైడర్ విడిగా అతికించేదే. దాన్ని ఊడదీసి ఇంకో బ్యాడ్జికి పెట్టడం పెద్ద కష్టమేం కాదు.

బందరోడు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది మచిలీపట్నం. ఈ మన్‌స్టర్ వాళ్లకి మా ఊరితో సంబంధం ఉంది. 1881లో ఐరిష్ పేరు పెట్టారు గానీ, వీళ్ల మూలం ఈస్టిండియా కంపెనీ బెంగాల్ యూరోపియన్ పటాలం. 1758 డిసెంబర్‌లో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లని ఓడించి, 1759 ఏప్రిల్‌లో మా బందరు కోట మీద రాత్రిపూట దాడి చేసి పట్టుకున్న కర్నల్ ఫోర్డ్ సైన్యంలో ఉన్నది వీళ్లే. ఆ రెండు యుద్ధాలూ వాళ్ల బ్యాటిల్ ఆనర్లలో, అంటే రెజిమెంట్ గౌరవంగా చెప్పుకునే యుద్ధాల జాబితాలో ఉన్నాయి. ఆ పులి కూడా ఇక్కడి రోజుల జ్ఞాపకమే.

మా స్కూల్లో స్థానిక చరిత్ర ప్రదర్శనకి ఒకటి పెట్టాలని నా కోరిక. పాతది కొనే స్తోమత లేదు. కింద చీటీ రాసి పెడితే రీస్ట్రైక్ చాలు నాకు. కాబట్టి పద్మజ గారి పక్షం.

టంకశాల
బందరు అన్నా, చీటీ రాసి పెట్టండి, చాలా మంచి పని. దానికి పాత బ్యాడ్జి ధర ఇవ్వకండి, నేను చెప్పేది అంతే.

రఘు_కోవెంట్రీ
ఆ రోజు తీసుకున్న ఫొటోలు పెద్దవి చేసి మళ్లీ చూశాను. వెనక గుండు దగ్గర లోతు బాగానే ఉంది, ముందువైపు ఎత్తుకి తగ్గట్టే ఉంది. పోత పోసినట్టు నున్నగా సబ్బులా లేదు. స్లైడర్ పొట్టిగా ఉంది, మొదలు దగ్గర నొక్కినట్టు అడ్డంగా గాడి ఉంది. టంకం చుట్టూ పొంగి బుడిపెలా ఉంది. ఇంకొకటి, మంటల మధ్య, ఇసుక రేణువుల్లా సన్నటి బొడిపెలు కనిపిస్తున్నాయి. ఆ రోజే మురికి అనుకుని గోటితో గీకాను, పోలేదు. ఏమిటవి?

టంకశాల
ఆ బొడిపెలే మీ ప్రశ్నకి జవాబు. పోత నకిలీ అయితే లోహంలో గాలి చిక్కుకుని గుంటలు పడతాయి, అంటే లోపలికి. మీరు చెప్పేవి పైకి లేచాయి. డై ఉక్కుది. నూనె రాయకుండా ఏళ్ల తరబడి మూల పడేస్తే తుప్పు తిని చిన్న గుంటలు పడతాయి. ఆ డైతో మళ్లీ కొడితే గుంట ఉన్న ప్రతిచోటా బ్యాడ్జి మీద బొడిపె లేస్తుంది. రెజిమెంట్ ఉన్న రోజుల్లో, డై వాడకంలో ఉన్నప్పుడు కొట్టిన వాటిలో మంటల మధ్య నేల శుభ్రంగా ఉంటుంది.

పద్మజ_రీడింగ్
అంటే అమ్మే ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమే అన్నమాట! డై పాతదే, దెబ్బ తర్వాతదే. లోహ పరీక్ష చేయించినా ఇంత స్పష్టంగా తేలేది కాదేమో, ఇత్తడి మిశ్రమాలు అంత తేడాగా ఉండవు.

రఘు_కోవెంట్రీ
అయితే డై పాతది అనే మాటకి కొంత విలువ ఉందని నేను ఇప్పటికీ అంటాను. మామూలు కాపీ కంటే ఎక్కువ ఇస్తాను, పాత ధర ఇవ్వను. ఆయన దగ్గర ఇంకా ఉంటే అంతే అడుగుతాను, రీస్ట్రైక్ అని తెలిసేలా వెనక "ఆర్" అని చెక్కిస్తాను.

టంకశాల
మీ డబ్బు, మీ ఇష్టం. నేనైతే కాపీ ధర కంటే ఒక్క పౌండ్ ఎక్కువ ఇవ్వను. ఇలా ఎక్కువ ఇచ్చేవాళ్లు ఉన్నంతకాలం మూలపడ్డ డైలు బయటికి వస్తూనే ఉంటాయి.

సుధీర్_హైద్
నేను ఆన్‌లైన్‌లోనే కొంటాను, చేత్తో పట్టుకుని చూసే వీలు లేదు. ఏం అడగాలి?

టంకశాల
వెనకవైపు ఫొటో, లైట్ పక్క నుంచి ఏటవాలుగా పడేలా. పక్కన స్కేలు పెట్టించండి. పోత నకిలీలు చల్లారేటప్పుడు కుంచించుకుపోయి అసలు కొలత కంటే కాస్త చిన్నగా వస్తాయి. స్లైడర్ అతుకు దగ్గరగా ఇంకో ఫొటో. ఈ మూడూ ఇవ్వనివాడి దగ్గర కొనకండి.