నెలలో నవల: తెలుగులో రాస్తే 50,000 పదాల లెక్క సరిపోతుందా?

కొత్తకలం: నవంబరు నెలలో 50,000 పదాల నవల రాసే పోటీ నడిపిన నానోరైమో సంస్థ 2025లో మూతపడింది కదా. ఈ నవంబరులో సొంతంగా రాసేవాళ్ళు అదే 50,000 లక్ష్యం పెట్టుకోవాలా? రోజుకి 1,667 పదాలు తెలుగులో కుదిరే పనేనా?

లంకగాలి: అది 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 21 మందితో మొదలైన పోటీ. 50,000 ఇంగ్లీషు రాతకి పెట్టుకున్న లెక్క. మనకి విభక్తులూ, క్రియకి తగిలే తోకలూ మాటకే అతుక్కుపోతాయి. 'ఇంట్లోంచి రాలేకపోయాడు' అన్నది వర్డ్ కౌంటరుకి రెండే పదాలు, అది ఖాళీల్ని బట్టే లెక్కేస్తుంది మరి. తెలుగుకి 35,000 చాలంటాను, రోజుకి 1,167. అక్షరాల లెక్కని మాత్రం నమ్మకండి. 'స్త్రీ' కంటికి ఒక్క అక్షరమే, కంప్యూటర్లూ ఫోన్లూ అక్షరాల్ని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఆరు. చాలా కౌంటర్లు ఆరే వేస్తాయి.

చిత్తుప్రతి: లంకగాలి గారి 35,000కి నా ఓటు. కానీ 30తో భాగించొద్దండీ. కార్తీకమాసం చాలా ఏళ్ళు నవంబరులోకే వస్తుంది: సోమవారాలు, వనభోజనాలు, పెళ్ళిళ్ళు. 25తో భాగిస్తే రోజుకి 1,400, ఐదు రోజులు చేతిలో ఉంటాయి. వాటిని మొదటి వారంలోనే వాడేస్తే చివర్లో ఇబ్బంది. 20వ తేదీకి 17,500 దగ్గరే ఉంటే మిగతా పది రోజులూ 1,750 చొప్పున లాగాలి.

నల్లమల: లెక్క కన్నా రెండో వారమే అసలు గండం. మొదటి వారం పాత్రల్ని పరిచయం చేస్తూ, ఊరిని వర్ణిస్తూ గడిచిపోతుంది. ఎనిమిదో రోజుకి ఎవరికీ ఏ చిక్కూ లేక కథ కూలబడుతుంది. అక్టోబరులోనే 25 సన్నివేశాలు ఒక్కో వాక్యంలో రాసిపెట్టుకోండి. ప్రతి వాక్యంలో ఎవరికి ఏం కావాలి, దానికి ఎవరు అడ్డం, ఈ రెండూ ఉండాలి. 'సీత ఊరికి వచ్చింది' అన్నది సన్నివేశం కాదు. 'సీత పొలం కాగితాలకోసం వచ్చింది, బాబాయి బీరువా తాళం ఇవ్వడు' అంటే 1,400 పదాలు వాటంతటవే వస్తాయి.

రాస్తూ వెనక్కెళ్ళి దిద్దకండి. వివరం తెలియని చోట @@ పెట్టి ముందుకెళ్ళండి, డిసెంబరులో వెతికితే అన్నీ ఒకేసారి దొరుకుతాయి. రాసేది యూనికోడ్‌లోనే రాయండి. యూనికోడ్ కాని పాత డీటీపీ అను ఫాంట్లలో కొడితే ఫోనులో సరిగ్గా కనబడదు, తర్వాత మార్చుకుంటే ఒత్తులు చెడిపోయే ప్రమాదం ఉంది.

కొత్తకలం: వాయిస్ టైపింగ్ పనికొస్తుందా?

చిత్తుప్రతి: కథనానికి పర్లేదు, సంభాషణలకి దండగ. కొటేషన్లు మనమే పెట్టుకోవాలి. యాస మాట్లాడితే తనకి తెలిసిన పుస్తకాల మాటగా మార్చేస్తుంది, తెలంగాణ పాత్ర కాస్తా వార్తలు చదువుతుంది. చెప్పిన పూటే దిద్దుకోండి, రెండు రోజులాగితే ఏం చెప్పామో మనకే అర్థం కాదు.

లంకగాలి: కాగితం మీద రాసేవాళ్ళు ఐదు వరసల్లో పదాలు లెక్కపెట్టి సగటు తీసి, పేజీలోని వరసలతో గుణించండి. వరసకి 7, పేజీకి 24 వరసలైతే 168. అంటే 1,400కి ఎనిమిది పేజీల పైచిలుకు. సంభాషణల పేజీల్లో వరసలు సగంలోనే ఆగుతాయి కాబట్టి వాటికి సగటు విడిగా తీయాలి. ప్రతి రాత్రీ ఆ పేజీలు ఫోనుతో ఫొటో తీసి మెయిల్‌కి పంపుకోండి.