సమస్య: పేరు లేని దాని పేరె పేరు

నిర్వాహకుడు: మా మేనకోడలు ఎండుటాకులు, గింజలు, కాయలతో చెవిపోగులు, దండలు, గోడ అలంకరణలు చేస్తుంది. శిల్పారామంలో స్టాల్ పెట్టాలని అన్నీ సిద్ధం చేసుకుంది, పేరు దగ్గర ఆగిపోయింది. ప్రకృతి, హరిత, వనం అన్నీ ఎవరో ఒకరు పెట్టేసుకున్నవే. రాత్రి అన్నం తింటూ విసిగిపోయి "పేరు లేకుండానే పెడతా మామయ్యా" అంది. ఆ మాటే ఈ వారం పాదం. అదే చివరి పాదంగా వచ్చేలా పద్యం రాసి పూరించండి, దుకాణానికి పేరు కూడా సూచించండి.

ఉప్పల్ మాస్టారు:
గట్టు మీద పూచు గడ్డిపూలను చూచి
ఏమి పేరటంచు నెంచ నేల
అడవి తల్లి బిడ్డ యంగడికదె చాలు
పేరు లేని దాని పేరె పేరు

మల్కాజిగిరి శాస్త్రి: నడక హాయిగా ఉంది మాస్టారూ. కానీ పేరు లేని పువ్వు ఎక్కడుంది? పొలం పని చేసే అవ్వనడిగితే ప్రతి కలుపు మొక్కకూ పేరు చెబుతుంది. పేరు పోయింది మన నోటి నుంచే. పోయినసారి కూడా మీ పద్యంలో తంగేడు తెల్లగా పూసింది. బతుకమ్మలో పసుపు తంగేడుది, తెలుపు గునుగుది. అప్పుడూ చెప్పాను, మీరు దిద్దలేదు.

ఉప్పల్ మాస్టారు: అప్పుడు యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం, చూసుకుంటూ పువ్వును చూడలేదు. తప్పు నాదే. కానీ ఆ సంగతి మీరు మూడు వారాలుగా ఎత్తుతూనే ఉన్నారు శాస్త్రిగారూ.

పద్మారావునగర్ అక్కయ్య:
ఏడు రకపు గింజ లేర్చి కూర్చిన దాని
మెడను దాల్చ నదియె మేటి సొమ్ము
పసిడి లేని యింటి పడతుక, కాసుల
పేరు లేని దాని పేరె పేరు

మల్కాజిగిరి శాస్త్రి: ఆహా! 'కాసుల' అని మూడో పాదం చివర ఆపి, 'పేరు'ను హారం చేసేశారు. కాసులపేరు లేని ఇల్లాలి గింజల పేరే దుకాణం పేరు! పదేళ్లుగా ఇక్కడ పూరణలు చదువుతున్నా, పాదాన్ని ఇంత చక్కగా వెనక్కి లాగి కట్టింది అరుదు.

ఉప్పల్ మాస్టారు: విరుపు బాగుంది, కాదనను. కానీ ఇల్లాలిని 'దాని' అనడం నా చెవికి గుచ్చుకుంది.

పద్మారావునగర్ అక్కయ్య: స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులే, అంటే 'అది, దాని' అనదగినవే కదా మాస్టారూ, వ్యాకరణం ఒప్పుకుంటుంది. అయినా మీ మాటలో న్యాయం ఉంది. నాకూ రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకో మాట, అమ్మాయి ఆ గింజల్లో గురివింద వాడొద్దు. లోపల విషం ఉంటుంది, దండ తెగి చంటిపిల్లలు నమిలితే ప్రాణం మీదికి వస్తుంది.

కూకట్‌పల్లి తమ్ముడు: మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది.
చెట్టు రాల్చినట్టి చిట్టి యాకులె నాకు
చేతికందిన సంపద చెప్ప నేల
రాలిపోయినంత రంగు మారదు చూడు
పేరు లేని దాని పేరె పేరు

మల్కాజిగిరి శాస్త్రి: 'సంపద' దగ్గర ఛందస్సు కాలు జారింది. 'చేతికందిన సిరి' అను, చాలు. రాలిన ఆకు రంగు మారుతుంది తమ్ముడూ, కాబట్టి 'మారును చూడు'. మొదటి పాదం ముచ్చటగా ఉంది, రాస్తూ ఉండు.

నాంపల్లి వకీలు: పద్యం నాకు రాదు, పేరు సంగతి చెబుతాను. అక్కయ్యగారి 'గింజల పేరు' వినడానికి ఎంతో బాగుంది, కానీ అది సరుకునే చెబుతుంది. అలాంటి పేరుకు 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుంది. గింజల నగలకు 'గునుగు' అంటే ఆ చిక్కు తక్కువ. ట్రేడ్ మార్కుల కోసం సరుకులను విభజించిన క్లాసుల్లో నగలు 14వ దానిలోకి వస్తాయి. ముందు ఆ పేరు ఎవరైనా తీసుకున్నారేమో వెతికించండి. హైదరాబాద్ దరఖాస్తులు చెన్నై ట్రేడ్ మార్క్స్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి.

ఉప్పల్ మాస్టారు: గునుగు! శాస్త్రిగారు నన్ను దెప్పడానికి తెచ్చిన పువ్వే పనికొచ్చింది. నా పద్యం దిద్దుతున్నాను. పేరు అంటే ఇక్కడ కీర్తి. గునుగుకు పేరుంది, మల్లెకున్నంత 'పేరు' లేదు. గునుగు వచ్చాక యతికి గట్టు గుట్ట అయింది.
గుట్ట మీద పూచు గునుగు పూలను చూచి
మల్లె గాదటంచు మాన నేల
అడవి తల్లి బిడ్డ యంగడికదె చాలు
పేరు లేని దాని పేరె పేరు

మల్కాజిగిరి శాస్త్రి: ఇప్పుడు నాకు మాట లేదు. తంగేడు బాకీ తీరిపోయింది.

నిర్వాహకుడు: మేనకోడలు అన్నీ చదివింది. బోర్డు మీద తెలుగులో 'గునుగు' అని రాయిస్తుందట. ప్రతి దండకు కట్టే చీటీ మీద అక్కయ్యగారి పద్యం వేసుకోవచ్చా అని అడుగుతోంది. గురివింద డబ్బా పక్కన పెట్టేసింది. వచ్చే వారం పాదం మాస్టారు ఇవ్వాలి.